222 పెడితే 226

పోయినవి ముందే చెబుతాను: ఇరవై ఆరు సంఖ్యలు. ఇరవై ఎవరికీ అక్కర్లేదు. ఒకటి కాగితం మీద రాసుకున్నాను. మిగతా అయిదు పోవడం నా తప్పే.

2022 వేసవి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పక్క సందులో నా రిపేర్ షాపు. పాత కాలిక్యులేటర్ల పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పి చూసి, లెక్కలేసుకుని నేర్చుకున్నాను. హయత్‌నగర్ నుంచి యాదగిరి గారని, ప్లాట్లు కొలిచే పని మానేసిన సర్వేయర్ వచ్చి, అరచేతిలో పట్టే పాకెట్ కంప్యూటర్ బల్ల మీద పెట్టారు.

"మా తమ్మునికి పంచిచ్చిన ప్లాటు దీంట్లనే లెక్కగట్టిన. 156 గజాలొచ్చింది. ఇప్పుడు వాడు అమ్మబోతే కొనెటోళ్లు కొలిచి 152 అంటున్నరు. 'నాలుగు గజాలు మెషిన్ మింగిందా అన్నా, నువ్వు మింగినవా?' అని అందరి ముంగట అడుగుతున్నడు. జర మెమరీ చూడు తమ్మీ."

"ఇన్నేళ్లు మెమరీ ఎట్ల నిలిచింది సార్?"

"మెయిన్ సెల్లు, బ్యాకప్ సెల్లు రెండూ ఒక్కసారే ఎన్నడూ తియ్యలే. ఒకటి మార్చినంకనే ఇంకోటి."

అందులో A నుంచి Z దాకా ఇరవై ఆరు గడులు, గడికో సంఖ్య. M గడిలో విస్తీర్ణం, 156. రాసుకున్నాను. విస్తీర్ణం లెక్కగట్టే ప్రోగ్రామ్ నలభై ఒక్క లైన్లూ రాసుకున్నాను. తర్వాత ప్రతి గడిలో 222 పెట్టి చదివాను. ఇరవై అయిదు గడులు 222 అన్నాయి. M మాత్రం 226 అంది.

మెమరీ ఉండే ర్యామ్ చిప్ ఒక్కో అంకెను 8, 4, 2, 1 విలువలున్న నాలుగు బిట్లుగా దాస్తుంది. M గడి చివరి అంకెలో 4 విలువున్న బిట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఇరుక్కుపోతే అక్కడి 2 కాస్తా 6 అవుతుంది. ఇంకో పాత మెషిన్‌లోని చిప్ తీసి వేసి, ప్రోగ్రామ్ ఎక్కించి, మళ్లీ అన్ని గడుల్లో 222 పెడితే ఈసారి M కూడా 222 అంది. మర్నాడు ఆయన రాగానే, "దొరికింది సార్, పాత చిప్ M గడిలో 152 పెడితే 156 చూపిస్తుంది!" అన్నాను.

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇగ A నుంచి E దాకా చదువు. నాలుగు భుజాలు, ఒక కర్ణం. కొలతల బుక్కు వానకు తడిసి పోయింది. వాటితోని లెక్కగడితే 152 వస్తే తప్పు మెషిన్‌ది. 156 వస్తే నాది."

మెషిన్ ఆయన వైపు తిప్పాను. "అయిదింట్లో 222 ఉంది సార్. టెస్ట్ కోసం నేనే రాశాను. ముందే చెప్పకపోయారా?"

"ఖరాబైన మెషిన్ మాట ఎట్ల నమ్మాలె? బాగైనంక చూద్దామనుకున్న."

మెషిన్ పక్కకు జరిపి, "లెక్కగట్టిన దినమే ఖరాబుండె అని రాసియ్యి" అన్నారు.

ఎలా రాయను? చిప్ ఎప్పుడు చెడిందో చిప్ చెప్పదు. పైగా నిజంగా 6 వచ్చినా ఆ గడి 6 అనే చూపిస్తుంది. ఎటు లెక్కేసినా రెండు దారులూ తెరిచే ఉన్నాయి. ఇప్పుడు 2 పెడితే 6 అవుతోందని, ఎప్పటినుంచో తెలియదని రాసిచ్చాను.

"గిది చూపిస్తే మా తమ్ముడు ఇంకింత నవ్వుతడు," అంటూనే మడిచి జేబులో పెట్టుకున్నారు.

అప్పటినుంచి ఏ మెషిన్ వచ్చినా, పనికిరానివి అనిపించినవి కూడా, అన్ని గడులూ చదివి రాసుకున్నాకే పరీక్ష మొదలుపెడతాను. ఆయనకు మాత్రం నేను తేల్చి చెప్పాల్సింది ఈ రోజుకీ అంతే ఉంది: నాలుగు గజాలు.