నలభై దాటాక నేర్చుకున్న సైకిలు

ఆఫీసులో ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల రిపోర్టు ఫోనుకు వచ్చేసరికి నేను గచ్చిబౌలి నుంచి చందానగర్ వెళ్లే ఆఫీసు బస్సులో కూర్చుని మిరపకాయ బజ్జీ తింటున్నాను. షుగరు ఇంకా రాలేదు గాని గుమ్మం దాకా వచ్చిందట. కాలేయంలో కొవ్వు చేరిందట. దిగులుపడుతూనే బజ్జీ పూర్తిచేశాను. సగంలో పారేయడానికి మనసొప్పలేదు.

నాకప్పటికి నలభై మూడేళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేరులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. నా ఒంట్లో తప్పులకూ అలాంటి చిట్కా ఏదో ఉంటుందనుకున్నాను. ఫ్రీ రాడికల్స్ పెరిగితే కణాలు దెబ్బతింటాయని, యాంటీ ఆక్సిడెంట్లు వాటిని అడ్డుకుంటాయని చదివాను. వెంటనే ద్రాక్షగింజల సారం, గ్రీన్ టీ సారం, విటమిన్ ఇ అంటూ డబ్బాలు తెప్పించి డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టుకున్నాను.

మావారు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. ఆ డబ్బాలు చూసి ఒక ఆపిల్ కోశారు. ఒక ముక్క మీద నిమ్మకాయ పిండి, రెండోది అలాగే వదిలేశారు. మేం కాఫీ తాగి కాసేపు కబుర్లు చెప్పుకునేసరికి వదిలేసిన ముక్క రంగు మారింది. నిమ్మరసం తగిలింది తెల్లగానే ఉంది. ఫ్రీ రాడికల్ అంటే ఎలక్ట్రాన్ ఒకటి జతలేక మిగిలిపోయిన అణువని, అది పక్క అణువు నుంచి లాక్కుంటుందని, ఆ పక్కది ఇంకోదాని మీద పడుతుందని, నిమ్మరసంలో ఉండే విటమిన్ సి లాంటి యాంటీ ఆక్సిడెంట్ తన దగ్గరిది ఇచ్చి ఆ గొడవ ఆపుతుందని చెప్పారు. క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చేతులు ఊపుతూ చెప్పారు.

"అయితే నా మాత్రలు మంచివే కదా" అన్నాను ఉత్సాహంగా.

"నువ్వు ఆపిల్ ముక్కవి కాదుగా" అన్నారాయన. "క్రిముల్ని చంపడానికి ఒంటికి ఆ రాడికల్స్ కూడా కొన్ని కావాలి. డాక్టరుగారిని అడక్కుండా వేసుకోకు."

డాక్టరుగారు డబ్బాల ఫొటో చూసి నవ్వారు. జబ్బు రాకుండా ఈ మాత్రలు ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదని, మోతాదు మించితే కొన్ని హాని కూడా చేస్తాయని చెప్పారు. ఆకుకూరలు, పళ్లు, పప్పులు పెంచి, అన్నం తగ్గించి, వేళకు నిద్రపోయి, రోజూ ఒళ్లు కదిలించమన్నారు. కదిలేకొద్దీ ఒళ్లు తన రక్షణ తానే పెంచుకుంటుందట. ఇంత పాత సలహాకు నేను కొంచెం నిరాశపడ్డాను.

కింది ఫ్లాటులో ఉండే ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. వాళ్లది చందానగర్ పక్క ఊరే. ఈ అపార్ట్‌మెంట్లు రాకముందు ఇక్కడి పొలాల గట్ల మీద సైకిలు తొక్కిన మనిషి. నడక విసుగని నేను చెప్పుకుంటే, సెల్లార్‌లో తన కూతురి సైకిలు ఊరికే పడి ఉందని, నేర్పిస్తానని అంది. ఈ వయసులో పడితే నలుగురూ నవ్వుతారన్నాను.

"నవ్వితే నవ్వనియ్యి అక్కా. ఫికర్ చెయ్యకు, నేను పట్టుకుంట" అంది.

అలా ఆదివారాలు పొద్దున్నే మా వెనక కాలనీ పార్కు చుట్టూ పాఠాలు మొదలయ్యాయి. ఆవిడ సీటు వెనక పట్టుకుని పరుగెత్తేది. నేను హ్యాండిల్ పట్టుకుని దేవుళ్లందరినీ తలచుకునేదాన్ని. రెండుసార్లు పొదల్లో పడ్డాను. ఒకసారి కొబ్బరిబోండాల బండి దాకా వెళ్లి ఆగాను. ఒక ఆదివారం ఎదురుగా చల్లగాలి ముఖానికి తగులుతుంటే ఏదో తేలిగ్గా అనిపించింది. తల తిప్పి చూస్తే ఆవిడ దూరంగా పార్కు గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నేను ఒంటరిగా తొక్కుతున్నాను.

ఆనందం ఎంత వచ్చిందో భయం అంతే వచ్చింది. ఎలా దిగాలో ఆవిడ నాకింకా నేర్పలేదు. ఆగితే పడతానని తొక్కుతూనే ఉన్నాను. గేటు ముందుకొచ్చిన ప్రతిసారీ ఆవిడ ఒక ముక్క చెప్పేది. ఒక చుట్టులో మెల్లగా బ్రేకు పట్టమంది. అప్పటికి ముందుకెళ్లిపోయాను. మరో చుట్టులో ముందుకే చూడమంది. పార్కులో నడిచేవాళ్లు ఆగిపోయి చూస్తున్నారు. ఒక పెద్దాయన నా కోసం దారి ఖాళీ చేయించారు. చివరికి ఆవిడే నాతో పాటు పరుగెత్తుతూ, "ఇగ ఎడమకాలు కింద పెట్టక్కా, నేనున్న" అంది. పెట్టాను. సైకిలు ఒరిగింది, నేను ఆవిడ మీదికి ఒరిగాను, ఇద్దరం గడ్డిమీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. ముక్కూమొహం తెలియనివాళ్లు చప్పట్లు కొట్టారు. ఏ ప్రమోషనూ నాకంత గర్వం ఇవ్వలేదు.

తర్వాత నేనూ ఒక సైకిలు కొనుక్కున్నాను. ఇప్పుడు సెలవురోజుల్లో ఆవిడా నేనూ కారు వెనక రెండు సైకిళ్లూ కట్టుకుని ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో ఉన్న సైకిలు దారికి వెళతాం. పని రోజుల్లో పార్కు చుట్టే. వచ్చేటప్పుడు ఆకుకూరలు కొంటాం. నేను గోంగూర అంటే ఆవిడ పుంటికూర అంటుంది. ఎవరి పేరుతో వాళ్లం వండుకుని గిన్నెలు మార్చుకుంటాం. మధ్యాహ్నం మూడింటికి ఆఫీసులో నా తల కుర్చీలో వాలడం మానేసింది. మరుసటి ఏడు పరీక్షల్లో షుగరు గుమ్మం దిగి వెనక్కి వెళ్లింది. కాలేయంలో కొవ్వు ఇంకా కొంచెం ఉంది. తొందరేం లేదు, ఇలాగే సాగించండన్నారు డాక్టరుగారు. బజ్జీలు పూర్తిగా మానలేదు. వానపడితే తింటాను.

మొన్న ఆదివారం మావారు కూడా మాతో వచ్చారు. తొక్కడం అయ్యాక దారి పక్కన కూర్చుని జామకాయలు కోసుకుని ఉప్పూకారం అద్దుకుంటున్నాం. ఆయన ఒక ముక్క పైకెత్తి, జామకాయలో విటమిన్ సి ఎంత బాగా ఉంటుందో, అది ఎలా పనిచేస్తుందో మొదలుపెట్టారు.

"జర తిననియ్యుండ్రి సార్, పాఠం తర్వాత వింటం" అంది కింది ఫ్లాటు ఆవిడ.

ఆయన బుద్ధిగా తలూపి, ఆ ముక్క నోట్లో వేసుకుని, రెండోదానికి చెయ్యి చాపారు.