గాదె పలకల మీద సాలీడు

పోయిన నెల కరెంటు మీటరు చూడడానికి వచ్చినాయన పెట్టె తలుపు తీసి, తీసినంత వేగంగా మూసి, రెండు మెట్లు వెనక్కి దిగాడు. "అవ్వా, లోపల సాలీడుండాది, ఇంత," అని అరచెయ్యి చాచి చూపించాడు. వెళ్లి చూశాను. గోడల మీద తిరిగే మామూలు ఇంటి సాలీడు, కాళ్లతో కలిపి కొలిచినా కుంకుమ భరిణె మూతంత లేదు. చీపురు పుల్లతో పక్కకు తోశాను. "నీకు బయంలేదా అవ్వా?" అన్నాడు. ఏ సాలీడుకు భయపడాలో నాకు తెలుసు, ఇది అది కాదు అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు. మీటరు అంకె మాత్రం నన్నే చదవమన్నాడు.

నా పెళ్లి యాభై ఎనిమిదిలో అయింది. పుట్టిల్లు బుచ్చిరెడ్డిపాలెం, అత్తవారిల్లు కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు గాలి తగిలే పల్లె. బుచ్చిలో మాది సున్నం కొట్టిన మిద్దె, అక్కడ నాకు తెలిసిన పురుగంటే బొద్దింకే. ఇక్కడ ఇసుక నేల, తాటిచెట్లు, సరుగుడు తోపులు, పెంకుటిల్లు, పెంకుల కింద తాటి వాసాలు. ఆ వాసాల సందుల్లో, తాటాకు కట్టల్లో, పిడకల గూట్లో కాపురముండేది పెద్ద సాలీడు. బూడిదరంగు, ఒళ్లంతా బొచ్చు. గూడు అల్లి కూర్చునే రకం కాదు, ఉరికి పట్టుకునే రకం. ముందుకాళ్లు పైకెత్తితే వాటి అడుగున పసుపుపచ్చ చారలు కనబడతాయి. పసుపు కనబడిందంటే దానికి కోపం వచ్చిందని గుర్తు. నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడే మా పాలేరు తాటాకు దించుతూ దానిచేత కరిపించుకున్నాడు. చెయ్యి మోచేతి దాకా వాచింది. వాపు తగ్గాక కూడా పిక్కలు, దవడలు పట్టేసి మెలికలు తిరిగిపోయేవాడు. కోటలో డాక్టరు సూది వేసి, నువ్వు చావవులే పొమ్మన్నాడు. ఆ మాట నమ్మడానికి పాలేరుకు నెల పట్టింది. అప్పటినుంచి నేను చీర దులపకుండా కట్టేదాన్ని కాదు, చేటను వెనక్కి తిప్పి చూడకుండా పట్టుకునేదాన్ని కాదు. అది చూసి మా అత్తగారు, "మీ బుచ్చిలో చేటకు ఈపు గూడా చూసి పలకరిస్తారామ్మే?" అనేది.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉండేది. కోడలు మామతో మాట్లాడకూడదు. మా మామగారు కోపిష్టి కాదు, మాట నెమ్మది, పైపెచ్చు కొంచెం సిగ్గరి కూడా. అయినా మా ఇద్దరికీ మధ్యలో ఎవరో ఒకరుండాలి. అత్తగారు లేనప్పుడు నేను దూడకు చెప్పేదాన్ని. "నీళ్లు కాగినాయే, పోసుకునేవాళ్లు పోసుకోవచ్చు," అంటే ఆయన విని తువ్వాలు తీసుకుని లేచేవాడు. ఆయనకు మజ్జిగ కావలసివస్తే, ఈ ఇంట్లో మజ్జిగ చిలికినారో లేదో అని ఆయన కూడా దూడనే అడిగేవాడు. పాప పుట్టాక దూడకు ఆ చాకిరీ తప్పింది. ఆయన నడింట్లోకి రావాలంటే గడప అవతల నిలబడి దగ్గేవాడు. నేను వంటింట్లోకి తప్పుకున్నాకే లోపలికి అడుగు పెట్టేవాడు. ఇద్దరం ఈ పద్ధతికి ఎంత అలవాటు పడ్డామంటే, అది ఇబ్బందని కూడా మాకు తోచలేదు.

అరవై ఒకటి ఎండాకాలం. అత్తగారు చెల్లెల్ని చూడడానికి చిట్టమూరు వెళ్లింది. మా ఇంటాయన సరుగుడు కొట్టించడానికి తోపుకు వెళ్లాడు. పొద్దున పదిగంటలప్పుడు ధాన్యం వ్యాపారి వచ్చి వసారాలో మామగారి పక్కన కూర్చున్నాడు. మా గాదె నడింటిని ఆనుకుని ఉన్న చిన్న గది. కిటికీ లేదు, పైన ఒక అద్దం పెంకు. తలుపుకు బదులు ద్వారబంధం గాడుల్లో అడ్డపలకలు ఒకదాని మీద ఒకటి దించి ఉంటాయి. వడ్లు తగ్గేకొద్దీ పైనుంచి ఒక్కో పలకా తీసేస్తారు. అమ్మే వడ్లలో తొలి దోసిలి ఇంటి ఆడమనిషే తీయాలని అత్తవారి ఆచారం. "అమ్మణ్ణీ, మచ్చుకు నాలుగు గింజలు కావాలంట," అని మామగారు వసారాలోంచి పాపతో అన్నాడు. ఎనిమిది నెలల పాప నడింట్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. ఆ మాట నాకే కాబట్టి నేను లేచాను.

లోపల వడ్లు బాగా తగ్గినా పై పలకలు ఇంకా తీయలేదు, నా మెడ ఎత్తున ఉన్నాయి. చిన్న నిచ్చెన వేసుకుని ఎక్కి, దాన్నే లోపలికి లాగి వేసుకుని దిగాను. వడ్లలో మోకాళ్లదాకా దిగబడ్డాను. సత్తు గిన్నెలోకి దోసిలి తీసుకుని వెనక్కి తిరిగేసరికి నిచ్చెన రెండో మెట్టు మీద అది కూర్చుని ఉంది. అద్దం పెంకులోంచి పడిన ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. నేను కదిలాను. అది ముందుకాళ్లు ఎత్తింది. పసుపు కనబడింది.

కదిలితే కాళ్ల కింద వడ్లు జారతాయి, జారితే దాని మీదికే పోతాను. వెనక గోడ. మెడ మీద నుసి, చెమట, దురద. గోకడానికి చెయ్యి లేపాలన్నా భయమే. గోడ అవతల ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు. ప్రతి మాటా వినబడుతోంది.

"ఏం పెద్దాయనా, మచ్చు మడికాడినించి తెస్తా ఉండారా?" అన్నాడు వ్యాపారి.

"వస్తాదిలేబ్బా, కూసో."

గొంతు విప్పితే ఇద్దరూ వస్తారు. విప్పడం ఎట్లాగో నాకు తెలియలేదు. మామగారిని ఏమని పిలవాలో మూడేళ్లలో నాకు అవసరమే పడలేదు. చివరికి తెగించి గుప్పెడు వడ్లు దాని మీదికి విసిరాను. అది ఉరికింది. నా వైపు కాదు. మెట్లెక్కి, పలకలెక్కి, ద్వారబంధం మీదుగా నడింటి దూలం పట్టుకుంది. అమ్మయ్య అనుకుని నిచ్చెన మీద కాలు పెట్టాను. నిచ్చెన కాళ్లు వడ్లలో జారి అది పక్కకు ఒరిగింది. మళ్లీ నిలబెట్టాను, మళ్లీ జారింది. పలకల మీదుగా తల మాత్రం బయటికి పెట్టగలిగాను. సాలీడు దూలం మీద ఉయ్యాల తాడు దగ్గర ఆగి ఉంది. పాప పిడికిలి ఒకటి చీరలోంచి బయటికి వేలాడుతోంది.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టుకోవాలనిపిస్తుంది. నిద్రపోతున్న పాపతోనే, "అమ్మాయీ, తాతను పిలువు," అన్నాను. సాలీడు తాడు మీదికి దిగింది. "మామా," అని అరిచాను. "మామా, రండి. బిడ్డ ఉయ్యాల మీద సాలీడు."

వసారాలో మాటలు ఆగాయి. అడుగులు గబగబా వచ్చి గడప దగ్గర నిలిచిపోయాయి. దగ్గు వినబడింది. నేను తప్పుకుంటానని ఆయన నిలబడ్డాడు. నేనెక్కడికి తప్పుకునేది? మళ్లీ దగ్గాడు.

"నేను గాదెలో ఇరుక్కోని ఉండాను మామా. మీరు లోపలికి రండి, దగ్గబాకండి."

వచ్చాడు. ఎడమచేత్తో పాపను ఎత్తి గుండెకు ఆనించుకుని, కుడిచేత్తో పైకండువా తీసి తాడు మీద కొట్టాడు. అది కండువాతోపాటు ఆయన చేతిమీద పడి బొటనవేలి మొదట్లో కరిచింది. ఆయన విదిలించి, కాలి చెప్పుతో తొక్కి, పాపను చాప మీద కూర్చోబెట్టి, పలకల దగ్గరకు వచ్చి ఎడమచెయ్యి లోపలికి చాచాడు.

"చెయ్యియ్యమ్మా," అన్నాడు.

ఆయన నాతో అన్న మొదటి మాట అదే. బయటికొచ్చి చూస్తే ఆయన నుదురంతా చెమట. స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయి, "రొంత నీళ్లు దే," అన్నాడు. మధ్యలో దూడా లేదు, పాపా లేదు. వ్యాపారి మచ్చు సంగతి మరిచి తన బండిలోనే ఆయన్ను కోటకు తీసుకెళ్లాడు.

పాలేరుకు వచ్చిన నొప్పులన్నీ మామగారికీ వచ్చాయి. దవడ పట్టేసి గంజి తప్ప మింగలేకపోయేవాడు. చిట్టమూరు నుంచి వచ్చిన అత్తగారు సంగతంతా విని, "పిలిస్తే పిలిచినావు, ఆ వ్యాపారి ఇనేటట్టు పిలవాల్నా?" అంది నాతో. మంచం మీద నుంచి మామగారు, బిగుసుకున్న దవడతోనే, "ఇంకా ముందే పిలిచుంటే నాకీ గంజి తప్పేది," అన్నాడు. ఆయన నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకున్నాడు.

అరవై నాలుగులో మా తోడికోడలు ఆ ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే మామగారికి ఎదురుగా నిలబడి, "మామా, కాఫీలో చక్కెర చాలిందా?" అని అడిగింది. అప్పటికి మా ఇంట్లో అది మామూలే, ఎవరూ తల ఎత్తి చూడలేదు. కొన్నాళ్లకు నేను దూడ సంగతి చెబితే పడీపడీ నవ్వింది, కట్టుకథ అనుకుంది. నాకు కోపం రాలేదు. గడిచిపోయిన కాలానికి గోడలుండేవని, వాటి మధ్య నిలబడినవాళ్లు చెబితే తప్ప తర్వాత వచ్చినవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?