‘తెరువు’ మీటకు ఇద్దరు సాక్షులు

ఇద్దరు సాక్షులు లేకుండా నాగుల్ మీరా కంప్యూటర్లో ‘తెరువు’ అన్న మీట నొక్కడు. ఆయనలో ఉన్న వింత ఇదొక్కటే. మిగతా విషయాల్లో మనందరి లాంటి మనిషే. చెప్పిన వేళకి కొట్టు తీయడు, ప్రింటర్ మొరాయిస్తే దాని వీపు మీద చరుస్తాడు, కరెంటు పోతే ఎదురుగా ఉన్నవాడి వైపు అనుమానంగా చూస్తాడు.

కొట్టు చిట్టమూరు బస్టాండు ఎదురుగా. బోర్డు మీద ‘సాహిరా ఆన్‌లైన్ సెంటర్’ అని ఉంటుంది. ఆయన భార్య పేరు నాగూర్‌బీ. మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడల్లా ఆమె ఒకే మాట అనేది: “బోర్డు మీద పేరు ఆమెది, బోర్డు తుడిచేది నేను.” ఆ సాహిరా ఎవరని అడిగితే ఆయన వినపడనట్టు ప్రింటర్‌ని చరిచేవాడు.

ఆ ‘తెరువు’ మీట మీకూ తెలిసే ఉంటుంది. బ్రౌజర్లో ఏదో పేజీ చూస్తూ, అందులోని మెయిల్ అడ్రసు మీదో ఫోన్ నంబరు మీదో నొక్కుతాం. ఉత్తరాలు పంపడం, ఫోన్లు చెయ్యడం బ్రౌజర్ పని కాదు. ఆ పని చేసే యాప్‌కి మనల్ని అప్పగించాలి. అందుకని ముందు ఓ చిన్న పెట్టె చూపిస్తుంది: ‘ఈ సైటు మెయిల్ యాప్‌ను తెరవాలనుకుంటోంది.’ కింద తెరువు, రద్దు అని రెండు మీటలు. పక్కనే ‘ఎప్పుడూ అనుమతించు’ అని ఒక గడి. దాన్ని ఎవరూ చదవరు. చదవకుండా తెరువు నొక్కి లోకమంతా హాయిగా బతుకుతోంది.

నాగుల్ మీరా మాత్రం ఆ పెట్టె కనపడగానే కుర్చీలోంచి లేస్తాడు. టోపీ సర్దుకుంటాడు. పక్కన టీ కొట్టు నడిపే చిన్నపోలయ్యని, బస్సు కోసం కూర్చున్న ఇంకొకరిని లోపలికి పిలుస్తాడు. అందరూ వచ్చాక పెట్టెలో ఉన్నది చదివి, గొంతు సవరించుకుని అడుగుతాడు: “మీకు సమ్మతమేనా?”

“ఇదేమన్నా నిఖానా మీరన్నా?” అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

“నిఖాలో ఏం చేస్తారబ్బా? వకీలని ఒక పెద్దమనిషి, ఇద్దరు సాక్షులు పెళ్ళికూతురి దగ్గిరికి పోయి అడుగుతారు. ఎందుకు? పిల్ల ఒక గడప దాటి ఇంకో గడపలోకి పోతావుండాది. ఇదీ అంతే. గడప దాటినాక అవతలోడు ఏం చేస్తాడో ఈ బ్రౌజర్‌కి తెలవదు. అయినా గడప దగ్గిర నిలబడి ఒక మాట అడగతా ఉండాది చూడు! మనుషుల్లో యాడుందబ్బా ఆ మర్యాద?”

ఈ మర్యాదకి మొదట బలైనవాడు రొయ్యల రైతు జీవానందం. ఒకరోజు పొద్దున్నే ఆయన చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. నీళ్ళలో గాలి చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయి. చేతిలో ఫోను చచ్చిపోయి ఉంది. మోటారు సైకిల్‌కి స్టాండు కూడా వెయ్యకుండా కొట్లోకి పరిగెత్తుకొచ్చాడు. మెకానిక్ నంబరు పేజీలో దొరికింది. నొక్కాడు. పెట్టె వచ్చింది.

“ఈ సైటు ఫోన్ యాప్‌ను తెరవాలంటుండాది. సమ్మతమేనా?”

“రొయ్యలు చచ్చిపోతుండాయి సామీ!”

“అది కారణం. నేనడిగింది సమ్మతం.”

“సమ్మతం! సమ్మతం! మా నాయన తోడు, సమ్మతం!”

“మీ నాయన్ని ఎందుకు తెస్తావు? సాక్షులు ఉండనే ఉండారు.”

రొయ్యలు బతికాయి. జీవానందం మాత్రం ఆ తర్వాత ఆరు నెలలు ఆ వీధిలోకి రాలేదు.

రెండో బలి నేను. రోజూ సాయంత్రం ఆరులోపు పేపరుకి వార్తలు పంపాలి. ఆఫీసు మెయిల్ అడ్రసు పేపరు వెబ్‌సైటులో ఉంటుంది, దాని మీద నొక్కి పంపడం నా అలవాటు. ఒక సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్ ఎగిరింది. నేను ముందే వార్త రాసుకుని, నిప్పు కనపడగానే నొక్కాను. పెట్టె వచ్చింది. చూస్తే సాక్షులు లేరు. రాకెట్ చూడ్డానికి ఇద్దరూ రోడ్డు మీదికి పరిగెత్తారు.

“నొక్కన్నా, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుండా!”

“ఎవురు చూసినారు నువ్వు ఒప్పుకున్నట్టు?”

రాకెట్ కక్ష్యలోకి చేరింది. నా వార్త సాహిరా ఆన్‌లైన్ సెంటర్ గడప దాటలేదు.

మరునాడు ఆయన నమాజుకి వెళ్ళిన సమయంలో నేను ‘ఎప్పుడూ అనుమతించు’ గడిలో టిక్కు పెట్టేశాను. రెండు రోజులు స్వర్గం. మూడో రోజు కనిపెట్టాడు. తిట్టలేదు. సెట్టింగుల్లోకి పోయి టిక్కు తీసేసి, “ఎప్పుడూ అని ఒకసారి రాసిచ్చేస్తే, ఇంక మళ్ళీ ఎవురూ అడగరబ్బా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక రెబెక్కమ్మ సంగతి. నలభై ఏళ్ళుగా నెత్తిన గంప పెట్టుకుని ఎండు నెత్తళ్ళు అమ్మిన మనిషి. కొత్తగా కట్టిన చేపల మార్కెట్టులో ఆమెకి ఏడో నంబరు కొట్టు వచ్చింది. నీడ, షట్టరు, కూర్చోవడానికి అరుగు. ఊరంతా తిరిగి తాళంచెవి చూపించింది. ఆ వారమే అన్న కొడుకు సుశీల్ కుమార్ ఆమెని వెంటబెట్టుకుని సెంటర్‌కి వచ్చాడు.

“మార్కెట్ సంఘం పేజీలో మా అత్త కొట్టు గురించి చిన్న ఫారం. నేనే నింపినా. నొక్కెయ్ అన్నా” అన్నాడు.

నొక్కగానే పెట్టె వచ్చింది. నాగుల్ మీరా లేచాడు, టోపీ సర్దుకున్నాడు. చిన్నపోలయ్య వచ్చాడు, నేను ఎలాగూ ఉన్నాను. మెయిల్లో ఏముందో బ్రౌజర్ చెప్పదు. అందుకని ఆయన ఆ లింకుని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాడు. పంపాల్సిన ఉత్తరమంతా ఆ లింకులోనే ఇమిడి ఉంది. ఇంగ్లీషు మాటల మధ్య ఖాళీకి బదులు శాతం గుర్తూ ఇరవై అంకే. ఆయన ఒక్కటీ వదలకుండా తెలుగు చేసి చదివాడు.

“నేను, శాతం ఇరవై, రెబెక్కమ్మ, శాతం ఇరవై...”

“ఎవురికిరా ఇరవై శాతం?” అంది రెబెక్కమ్మ.

“ఎవురికీ లేదత్తా, అది కంప్యూటర్ భాష” అన్నాడు సుశీల్ కుమార్. మొహానికి చెమటలు పడుతున్నాయి. “మీరన్నా, సాక్షులెందుకు, నొక్కెయ్.”

“...నా ఏడో నంబరు కొట్టుని, శాతం ఇరవై, ఇష్టపూర్తిగా, శాతం ఇరవై, నా మేనల్లుడు సుశీల్ కుమార్‌కి వదులుకుంటున్నాను.” నాగుల్ మీరా ఆమె వైపు తిరిగాడు. “సమ్మతమేనా రెబెక్కమ్మా?”

“సమ్మతమే” అన్నాడు సుశీల్ కుమార్.

“నిన్ను కాదు.”

రెబెక్కమ్మ మేనల్లుణ్ణి తేరిపార చూసింది. “ఏందిరా ఇది?”

“నీకు వయసైపోయింది గదత్తా. కొట్టు నేను చూసుకుంటా, నువ్వు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. నీ మంచికే.”

“నా మంచికా? మరి నన్ను ఒక మాట అడగలా?”

“అడిగితే ఒప్పుకోవని అడగలా.”

చిన్నపోలయ్య నవ్వు ఆపుకోలేక బయటికి పోబోయాడు. నాగుల్ మీరా అతని చొక్కా పట్టుకుని ఆపాడు. సాక్షి మధ్యలో పోకూడదు.

“సమ్మతమేనా?” అన్నాడు రెండోసారి.

“నా కాళ్ళు చాపుకోడానికి ఏడో నంబరులో అరుగుండాది. సమ్మతం కాదు!”

నాగుల్ మీరా రద్దు నొక్కాడు. ఆ మీట అంత గట్టిగా నొక్కడం నేను మళ్ళీ చూడలేదు.

వాళ్ళు వెళ్ళాక, అడగకుండానే చెప్పాడు. “సాహిరా మా అక్క. ఆమె నిఖా రోజు వకీలు అడిగితే మాట్లాడలా. వెనక నించి మా మేనత్త ఆమె తల పట్టుకుని వంచింది. ‘తలూపింది, ఒప్పుకుంది’ అని రాసుకున్నారు. నేను పదేళ్ళవాణ్ణి, చూసినా. ఎవురు అడిగినారు నా సాక్ష్యం?” ప్రింటర్‌ని ఒకటి చరిచాడు. అది పనిచేస్తూనే ఉంది.

ఇప్పుడు రెబెక్కమ్మ ఏడో నంబరులో అమ్ముతోంది. గంపలు మోసేది సుశీల్ కుమార్. అందుకు వాడి సమ్మతం ఆమె ముందే అడిగిందట, సాక్షుల్ని పెట్టి.

మీరు చదువుతున్న ఈ ముక్క కూడా అదే కొట్టు నుంచే పంపాలి. చదివి వినిపించాను. చిన్నపోలయ్య, నాగూర్‌బీ సాక్షులు. పెట్టె వచ్చింది. నాగుల్ మీరా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

“మా అక్క సంగతి రాసినావు. అక్కని అడిగినావా?”

అడగలేదు. ఆయనే కోట ఊళ్ళో ఉన్న అక్కకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, మొదటి నుంచీ చదివాడు. అవతల మిక్సీ తిరుగుతోంది. తన సంగతి వచ్చేసరికి అది ఆగింది.

“ఒప్పుకోనంటే ఏం చేస్తావురా?”

“రద్దు నొక్కేస్తా అక్కా.”

“నిజంగానే?”

“నిజంగానే. ఇద్దరు సాక్షులుండారు.”

అవతల నవ్వు వినపడింది. “అయితే పంపించుకోమను. కానీ ఆ ‘ఎప్పుడూ’ గడి ముట్టుకోమాకండి. ఈ ఒక్కసారికే!”