మా బావ తోలు కోటు

మా బావ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన్నే తిట్టుకుంట రొట్టెలు కాలుస్తున్న. ఊకెనే తిట్టలే. అంతకుముందు సాయంత్రం చూసొద్దామని దవాఖానకు పోతే, ముక్కుకు ఆక్సిజన్ పైపు పెట్టుకొని పడుకున్న మనిషి, పెండ్లాం తిన్నదా లేదా అని అడగలే, డాక్టర్ ఏమన్నడని అడగలే. "మరదలా, మైనం డబ్బా మూత గట్టిగ పెట్టిన్రా? ఎండిపోతది, జర చూడు" అన్నడు. "నీ పానం మీదికొస్తే డబ్బా ముచ్చటేంది బావా" అని గయ్యిమన్న. తెల్లారి పెనం మీద రొట్టె ఉండంగనే అక్క ఫోన్. "మీ బావ పోయిండే" అన్నది. నేను పొయ్యి బంద్ చేసి అక్కడ్నే కూసున్న.

చదివేటోళ్లకు చెప్పాలె గదా, ఆయన మా పెద్దక్క మొగుడు. గోదావరిఖనిల బాయి పని చేసి రిటైరైన ఫిట్టరు. బాయి అంటే మాకు బొగ్గుగనే. ఆయన మీద నాలుగు మంచి మాటలు రాయుమని అందరు నన్నే అంటున్నరు. రాద్దామని కూసుంటే ఆయన మొఖం కంటే ముందు ఆయన తోలు కోటు యాదికొస్తున్నది. అది యాదికొస్తే కోపమొస్తున్నది. నేనేం చెయ్యాలె?

ఆ కోటు మీద లొల్లి ఆయన్ను వాకిట్ల నుంచి లేపకముందే షురువైంది. మా దిక్కు చనిపోయిన మనిషి తొడిగిన బట్టలు ఇంట్ల ఉంచరు. దినాల నాడు మూట కట్టి గోదారి ఒడ్డున వదిలేసి వస్తరు. బావ వాళ్ల పెద్దక్క ఉన్నది, మేమంత వదినె అని పిలుస్తం. ఆమె వచ్చిన కాడినుంచి ఒకటే పాట. "అన్ని జమ చెయ్యిన్రి. ఆ తోలుది మర్చిపోయేరు. పానమంత దాని మీదనే పెట్టుకున్నడు. అది ఇంట్ల ఉంటే వానికి పోను దారి దొరకది." అక్క నా మోచెయ్యి పట్టుకొని చెవుల అన్నది, "అన్ని పట్టుకపోనీ. అదొక్కటి వద్దే. అదొక్కటి నాకుంచుమని చెప్పు."

ఇన్నేండ్లు ఆ కోటును కూసుంటే తిట్టింది, లేస్తే తిట్టింది మా అక్కే. నాకు నెత్తి గోడకు కొట్టుకోవాలనిపించింది.

బాయిల ఏమన్న అయితే లోపలికి దిగి మనుషుల్ని బయటికి తెచ్చే రెస్క్యూ టీముల ఉండె బావ. వయసుల ఉన్నప్పుడు పోటీలకని ధన్‌బాద్ పోయిండు. కప్పు తెస్తడనుకుంటే కోటు తెచ్చిండు. అక్కకు ఒక జాకెట్ ముక్కన్న తేలే. గోదావరిఖనిల తోలు కోటు! ఎండకాలం రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే ఊరు మాది. గట్టి చలి ఏడాదికి ఒక్క నెల ఉంటే గొప్ప. "ఎప్పుడు తొడుగుతవు బావా దీన్ని?" అంటే, "తొడుగుడు తర్వాత ముచ్చట. ముందుగాల సాదుకోవాలె" అన్నడు.

ఆ సాదుడన్న వస్తదా అంటే అది రాదు. ఫిట్టరోళ్లకు ఒకటే మందు తెలుసు, ఏది బిగుసుకుంటే దానికి గ్రీజు. కోటు చేతులు బిర్రుగైనయని వాటికి గూడ గ్రీజు రుద్దిండు, ఎవలన్న రుద్దుతరా? మా ఊరి గాలిల ఉన్న బొగ్గుదుమ్మంత వచ్చి దాని మీదనే కూసున్నది. అది తొడుక్కొని స్కూటర్ మీద అక్కను పెండ్లికి తీస్కపోయిండు. భుజం మీద చెయ్యేస్తే అక్క అరచెయ్యి నల్లగైంది, ఆ చేత్తోటి చెమట తుడుసుకుంటే మొఖం నల్లగైంది. పెండ్లి పందిట్ల అందరు అడుగుడే, "ఏందమ్మా, డ్యూటీ దిగి సీదా వచ్చినవా?" అని. అక్క వారం దినాలు ఆయనతోటి మాట్లాడలే.

వానకాలం బూజు పడుతున్నదని ఇంకో తెలివి. బాయిల బొగ్గుదుమ్ముకు మంట అంటుకోవద్దని గోడలకు సున్నపురాయి పొడి జల్లుతరు. ఆ పొడి తేమను గుంజుతదని చిన్న చిన్న మూటలు కట్టి కోటు జేబులల్ల పెట్టిండు. అది తేమతోటి పాటు తోలుల ఉన్న జిడ్డు గూడ గుంజి పారేసింది. వానలు వెలిసినంక తీసి చూస్తే జేబుల కాడ అన్ని నెర్రెలే. "బాయికి జల్లే పొడి కోటుకు పెడ్తరా ఎవలన్న?" అని మేం మొత్తుకుంటే, "అక్కడ మంచిగ పనిచేస్తది గదా, ఇక్కడెందుకు చెయ్యలే?" అని తిరిగి మమ్మల్నే అడిగిండు. గసోంటి మనిషికి ఏం చెప్పాలె?

అట్ల ఖరాబు చేసుకుంట చేసుకుంట ఆఖరికి ఒక పద్ధతికొచ్చిండు. తేనెమైనం, ఆముదం కలిపి సన్నమంట మీద కరగబెట్టుడు. ఏ గిన్నెల? మా అక్క పాలు కాసే గిన్నెల. ఎంత తోమినా జిడ్డు పోలే. తెల్లారి అందరం ఆ గిన్నెల పాలతోటి చాయ తాగినం. ఆ పూట ఇల్లు దాటి ఎవ్వరం పోలేకపోయినం, ఎందుకని వేరే చెప్పాల్నా!

ఇగ ఆదివారం వచ్చిందంటే హాలంత ఆయనదే. నడుమ చాప పరిచి, కోటు బోర్ల పండబెట్టి, మెత్తటి బ్రష్షుతోటి మడతలల్ల దుమ్ము దులిపేటోడు. తడిపి గట్టిగ పిండిన గుడ్డతోటి తుడిచేటోడు. నీడకు ఆరబెట్టాలె, ఎండ పొడ తగిలితే మాతోటి కొట్లాట. ఆరినంక కందిగింజంత మైనం వేలుకు తీస్కొని, ముందుగాల లోపలి అంచుకు రాసి, రంగు మారలేదని చూసుకొని, అప్పుడు పైన చిన్న చిన్న సుట్లు తిప్పుకుంట రుద్దేటోడు. అంత సేపు ఫ్యాన్ బంద్. దుమ్ము లేస్తదట. నడి ఎండకాలంల ఫ్యాన్ బంద్ పెట్టి ఇంటోళ్లందరం చెమటలు కక్కుకుంట ఒక కోటును చూసుకుంట కూసోవాలె. తోలు తాగినంత తాగినంక మిగిలింది పొడి గుడ్డతోటి తుడిచేది. "నూనె ఎవ్వడన్న పెడ్తడు మరదలా, ఎక్కువైంది తుడుసుడే అసలు పని" అనేటోడు. మాట మంచిదే. ఆ మాట అన్న మనిషి బనీను మీద ఆముదం మరకలు చూస్తే మాత్రం నవ్వాల్నో ఏడ్వాల్నో తెలిసేది కాదు.

గోడ మొలకు తగిలించొద్దు, భుజాలు సాగుతయి. ప్లాస్టిక్ కవరు కప్పొద్దు, తోలుకు గాలి ఆడాలె. పాత నూలు దుప్పటే కప్పాలె. బీరువాల సగం దానికే పోయింది. అక్క పట్టుచీరలు మంచం కింద రేకు పెట్టెల ఉండేవి. అక్క ఎప్పుడన్న కోటు మీద చెయ్యేస్తే "పసుపు చేతులు, ముట్టకు" అనేటోడు. ఊరోళ్లకు మాత్రం పిలిచి ఇచ్చేటోడు. చలిల రాత్రి షిఫ్టుకు బండి మీద పోయేటోళ్లకు, ఢిల్లీ రైలెక్కేటోళ్లకు, ఆఖరికి ఫోటో దిగేటోళ్లకు గూడ. షరతు ఒక్కటే, తొడిగినోళ్లే మైనం పెట్టి వాపస్ తేవాలె.

ఒక్క ముచ్చట చెప్పకుంటే నాకు పాపం తగుల్తది. మా ఆయనను కొత్తగూడెం బదిలీ చేసిన ఏడు, నేనొక్కదాన్నే బిడ్డతోటి ఇక్కడున్న. ఒక రాత్రి నా బిడ్డకు జ్వరమొచ్చి ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. బయట కుండపోత వాన, ఒక్క ఆటో దొరకది. ఎవలు చెప్పిన్రో ఏమో, బావ స్కూటర్ మీద తడుసుకుంట వచ్చిండు. చినుకు పడితే కోటు పట్టుకొని ఇంట్లకు ఉరికేటోడు, ఆ కోటు ఇప్పి నా బిడ్డకు చుట్టిండు. దవాఖానకు పోయేదాక ఆయన అంగీ ఒంటికి అతుక్కపోయి వణుకుతనే ఉన్నడు. బిడ్డ బతికి ఇంటికొచ్చింది. నేను రెండు చేతులెత్తి దండం పెట్టబోతే ఆయనేం చేసిండు? తడిసి ముద్దైన కోటు తెచ్చి నా ముందల పెట్టి, "తొడిగింది నీ బిడ్డ గదా, మైనం నువ్వే పెట్టాలె" అన్నడు. పెట్టిన. వేళ్లు నొయ్యంగ పెట్టిన. మంచిగ ఏడ్వనీయడు, మంచిగ దండం పెట్టనీయడు, అదీ మా బావ.

ఇగ దినాల నాటి సంగతి. పొద్దున్నే వాకిట్ల చుట్టాలు నిండిన్రు. వదినె బావ అంగీలు, లుంగీలు, మఫ్లరు అన్ని ఒక ధోతిల పెట్టి, "తోలుది తెమ్ము" అన్నది నాతోటి. "అక్క ఉంచుకుంటనంటున్నది వదినె" అన్న. "దాని ఇష్టం కాదు, నీ ఇష్టం కాదు. రివాజు రివాజే" అన్నది. బీరువా తీసి చూస్తే ఉత్త కట్టె హ్యాంగరున్నది. అక్క దిక్కు చూసిన. అక్క నా దిక్కు చూసింది. దాచింది ఆమె కాదు, నేను కాదు. పోతే పోయింది, దొరక్కుంటే పీడ పోతదని లోపల్లోపల సంతోషపడ్డ.

అంతల గేటు చప్పుడైంది. చర్చి గల్లిల ఉండే క్లర్కు అన్న. ఏటా క్రిస్మస్ పాటల కోసం పొగమంచుల ఇల్లిల్లు తిరిగేటప్పుడు ఈ కోటే తొడుక్కపోతడు. బావ దవాఖానల పడకముందే ఇచ్చినట్టున్నడు, మాకు చెప్పనన్న చెప్పలే. ఇప్పుడు దాన్ని నూలు దుప్పట్ల చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పట్టుకొని సీదా లోపలికి వస్తున్నడు. వాపస్ పొమ్మని కండ్లతోటి సైగ చేసిన. "ఏందక్కా, కంట్ల నలక పడ్డదా?" అన్నడు అందరు వినంగ. ఏం మనుషులో ఏమో! "ఆయన చెప్పినట్టే మైనం పెట్టి తెచ్చిన" అని ఆ అమాయకుడు కోటును అందరి నడుమ విప్పిండు. మెత్తగ, నల్లగ మెరుస్తున్నది. వదినె రెండు చేతులు చాపింది.

నిజం చెప్పాలంటే నాకు కోటు మీద కంటే అటు పక్క జరుగుతున్న దాని మీద గుబులుగ ఉన్నది. ముసలవ్వలు పీట వేసుకొని కూసున్నరు. మూట పోయినంక అక్క గాజులు పలగ్గొట్టే తంతు. "ఈ కాలంల గూడ ఇదేంది వదినె, ఊకోరాదు" అని పొద్దటి నుంచి బతిమిలాడుతనే ఉన్న. "నా చేతులకు చెయ్యలేదా? నేను సచ్చిన్నా?" అన్నది వదినె. ఆమె మొగుడు పోయి ఏండ్లైంది, అప్పటి నుంచి ఆమెవి ఉత్త చేతులే.

వదినె కంటే ముందు అక్క లేచింది. క్లర్కు అన్న చేతులల్ల నుంచి కోటు తీస్కున్నది. చీర మీదనే తొడుక్కున్నది. అది బావ కొలత, చేతులు పొడుగు, అక్క వేళ్ల కొసలు గూడ కనిపిస్తలేవు. గొంతు దాక జిప్పు గుంజింది.

"చనిపోయినోళ్ల బట్ట పట్టుకపోతరు, సరే" అన్నది. "ఇది నేను తొడిగిన. బతికున్న మనిషి ఒంటి మీదిది ఎట్ల తీస్తరో తియ్యిన్రి."

వదినె మూట ముడి వేసి పక్కన పెట్టింది. "గట్లనే కానీ. కోటు ఉంచుకో. చేతులు ఇటియ్యి" అన్నది. అక్క ఇయ్యలే. వదినె ముందుకొచ్చి కోటు చెయ్యి అంచు పట్టుకున్నది, పైకి మడుద్దామని. మడవలే. మైనం పెట్టిన తోలును బొటనవేలుతోటి ఒకసారి రాసింది, ఇంకోసారి రాసింది. తమ్ముడా అని ఒక్క మాట అని, వదిలేసి పక్కకు జరిగింది.

అక్క ముక్కు చీది, "వచ్చినోళ్లకు అన్నం పెట్టాలె, నడువు" అని నన్నే కసిరి వంటింట్లకు పోయింది. పెద్ద గంజుల గరిటె పెట్టి పప్పు కలుపుతున్నది. ఆ పొడుగు తోలు చేతుల లోపట గాజులు కనిపిస్తలేవు, గలగలమని వినిపిస్తున్నయి.