మస్తానమ్మను పంపిన గోడ

ఈ బరువును చాలా ఏళ్లుగా మోస్తున్నాను. బరువు అంటున్నాను గానీ, ఇప్పుడది బరువుగా కూడా తెలియడం లేదు. మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కితే అది మన కాలేనా అనిపిస్తుంది చూడండి, అలా ఉంది. గిల్లినా తెలియదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను సాంఘికశాస్త్రం మాస్టర్ని. కన్నడ సరిహద్దుకు దగ్గర, గుమ్మఘట్ట వైపు ఒక ఊళ్లో, హైస్కూల్లో చాలాకాలం పనిచేశాను. ఒకసారి మా మాస్టర్లందరికీ శిక్షణ పెట్టారు. ఒకరి ఇంటి పద్ధతులు ఇంకొకరికి తెలియాలి, తేడాలను గౌరవించడం పిల్లలకు తరగతిలోనే అలవాటు కావాలి అని చెప్పారు. నాకు నచ్చింది. నిజంగానే నచ్చింది. ఈ మాట రాయడం అవసరమా? తప్పు చేసినవాడు ముందుగా తన మంచి ఉద్దేశాన్ని తీసి చూపించుకుంటాడు. నేనూ అదే చేస్తున్నాను. ఉండనివ్వండి.

కొన్నాళ్లకు జిల్లా నుంచి ఒక అధికారి నా తరగతి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. నాలుగు అట్టముక్కల మీద పెద్ద అక్షరాలతో రాసి నాలుగు గోడలకు అంటించాను. హిందువులు. ముస్లింలు. క్రైస్తవులు. గిరిజనులు. పిల్లలు ఎవరి గోడ దగ్గర వాళ్లు నిలబడి, తమ ఇంట్లో పండుగ ఎలా చేస్తారో మిగతావాళ్లకు చెప్పాలి. ఇదీ నేను తయారుచేసిన పాఠం. చూడటానికి చాలా శుభ్రంగా ఉంది.

అధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు లేచి గోడలవైపు పరుగెత్తారు. నాగరాజని ఒక అల్లరివాడు ఉండేవాడు.

"సార్, మా ఇంట్లో కన్నడం మాట్లాడతాము. మాకు గోడే లేదే!" అన్నాడు.

"నువ్వు కిటికీలో కూచోరా!" అన్నారెవరో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు చూశాను, మస్తానమ్మ గది మధ్యలో నిలబడి ఉంది.

పేరు మార్చాను. అసలు పేరూ ఇలాంటిదే. మస్తానమ్మ దూదేకుల పిల్ల. మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దూదేకులవాళ్లు ముస్లింలే, అయితే చాలా ఇళ్లలో మాట తెలుగు. ఉర్దూ రాదు. పేర్లలో, మొక్కుల్లో రెండు వైపులవీ కలిసే ఉంటాయి. ఈ నేల మీద పుట్టి పెరిగినవాణ్ణి, నాకిది తెలియదా? మొహర్రం రోజుల్లో మా ఊళ్లో పీర్లకు మా అమ్మే బెల్లం చదివించేది. నన్ను చంకనెత్తుకుని పోయి చదివించేది. మరి అట్టముక్కలు రాసేటప్పుడు అది ఎందుకు గుర్తు రాలేదు? గుర్తు రాలేదా, లేక గుర్తొస్తే నా శుభ్రమైన పాఠం చెడిపోతుందని నేనే పక్కకు తోశానా?

"సార్, నేను యాడ నిలబడాల?" అని అడిగింది.

"నీ పేరేమి?" తెలిసే అడిగాను.

"మస్తానమ్మ సార్."

"మరింకేం, ఆడికి పో." ముస్లింల గోడ చూపించాను.

ఆ గోడ దగ్గర ఇద్దరు మగపిల్లలున్నారు. వాళ్లలో ఒకడు ఉర్దూలో ఏదో అడిగాడు. ఆమె నా వైపు చూసింది.

"ఉర్దూ రాదా నీకు? రాకుంటే ఈడికెందుకొస్తివి?"

"సారే పొమ్మన్నాడు."

"సార్, ఈయమ్మకి ఉర్దూ రాదంట సార్!"

వెనకనుంచి అధికారి తలెత్తి, ఆ అమ్మాయిని చెప్పనివ్వండి అన్నారు. మస్తానమ్మ చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మా ఇంట్లో పీర్ల పండగ చేస్తాము సార్. మా నాయన పీరును ఎత్తుతాడు. ఉగాదికి కదిరికి పోయి నరసింహస్వామికి టెంకాయ కొడతాము. మా నాయన పేరు హుసేనప్ప. మా తమ్ముని పేరు నరసింహులు."

తరగతంతా గొల్లుమంది. ఎదుటి గోడ దగ్గరనుంచి ఒకడు, "ఏమ్మే, పొద్దున ఆ గోడకి, మాయిటాల ఈ గోడకి తిరుగుతాంటావా?" అన్నాడు.

ఆ రోజు ఆ గదిలో చెప్పదగిన పాఠం ఏదైనా ఉంటే, అది ఆ పిల్ల చెప్పిందే. నేను చేయవలసింది ఆ అట్టముక్కలు పీకి పారేయడం. అది నాకు అప్పుడే తెలుసు. తరువాత తెలిసిందని చెప్పుకుంటే కాస్త బాగుండేది గానీ, అప్పుడే తెలుసు. అధికారి ముఖం చూశాను. ఆయన ముఖం ముడుచుకుని ఉంది. నా పాఠం పాడైందని ఆయన అనుకుంటున్నారనుకున్నాను. బహుశా ఎండకు తలనొప్పి వచ్చి ఉండవచ్చు. నేను గొంతు పెంచాను.

"అటూ ఇటూ గాకుండా చెప్పకూడదమ్మా. ముందు మీరెవురో మీ నాయన్ని అడిగి తెలుసుకొని రా. పో, కూచో."

పిల్లలు మళ్లీ నవ్వారు. ఎక్కడ కూర్చోవాలో నేను చూపించలేదు. ఆమె గది మధ్యలో, కిందనే కూర్చుంది. మిగిలిన పాఠం ఆమె చుట్టూ నడిచింది.

మరునాడు మస్తానమ్మ బడికి రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. వారం గడిచాక హుసేనప్ప వచ్చాడు. వరండాలో చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"సార్, పాప బడికి పోనంటాంది. కొట్టినా పోనంటాంది. 'మనమెవురు నాయనా' అని అడగతాంది. నేనేమని చెప్పాల? బళ్లో ఏమన్నా అయినాదా సార్?"

ఇక్కడ ఆగుతున్నాను. ఆయన నన్ను నిందించడానికి రాలేదు. తెలుసుకుందామని వచ్చాడు. అవును అయ్యింది, తప్పు నాది, పాపను పిలుచుకొని రా అని నేను అంటే చాలు. ఆ పిల్ల తిరిగి వచ్చి ఉండేది. కష్టమైన మాటలు కూడా కావు అవి.

"ఏం కాలేదే," అన్నాను. "ఆ పాపకు చదువు మీద ధ్యాస లేదప్పా. సాకులు చెప్తాంది."

హుసేనప్ప నా వైపు చూశాడు. అనుమానంగా కాదు. సారు చెప్పిన మాటను బుర్రలో పెట్టుకుంటున్నట్టు.

"అంతేలే సార్. మీరు చెప్పినాక ఇంగేముండాది. చేని పనికన్నా వస్తాదిలే." చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

తరగతిలో అన్నది తొందరపాటు అనుకోవచ్చు. వరండాలో అన్నది తొందరపాటు కాదు. కూతురి మాట ఒకవైపు, సారు మాట ఒకవైపు పెడితే ఆయన ఎవరి మాట నమ్ముతాడో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఆ ఏడు చెనక్కాయ పెరికే రోజుల్లో మోటారుసైకిల్ మీద బడికి పోతూ ఆమెను చూశాను. దారి పక్క చేనులో ఆడవాళ్లతో కలిసి వేరుశనగ చెట్లు పెరుకుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. తరగతిలోకి మాస్టరు వస్తే పిల్లలు నిలబడతారే, అలా. చేతిలో చెనక్కాయ చెట్టు అలాగే ఉంది. బండి ఆపలేదు. కొంచెం వేగం పెంచాను. ఏమనిపించిందని అడిగితే, ఏమీ అనిపించలేదు. అదే నాకు భయం వేసే సంగతి.

ఇంతటితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదేమో. తరువాత నన్నే మిగతా మాస్టర్లకు శిక్షణ ఇచ్చేవాడిగా వేశారు. సంస్కృతుల పట్ల అవగాహన ఎలా నేర్పాలో చెప్పేవాణ్ణి. అందులో ఒక ఉదాహరణ చెప్పేవాణ్ణి. నా తరగతిలో ఒక పాప ఉండేది, వాళ్ల ఇంట్లో పీర్లూ ఉన్నారు, నరసింహస్వామీ ఉన్నాడు; ఆమె ఆ మాట చెప్పగానే నేను గోడల మీద అట్టముక్కలు తీసేసి తరగతంతటి చేత చప్పట్లు కొట్టించాను, అని. మాస్టర్లు తలలూపేవాళ్లు. కొందరు రాసుకునేవాళ్లు. ఎన్నోసార్లు చెప్పాను. చెప్పి చెప్పి, ఆ చప్పట్లు నాకే వినిపించేవి.

ఈమధ్య ఒక శిక్షణలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ లేచి, "ఆ పాప ఇప్పుడేం చేస్తాంది సార్?" అని అడిగింది. ఊరికే అడిగింది, ఇష్టంగా.

"డిగ్రీ చదివిందమ్మా. బాగుంది," అన్నాను.

అంతా సంతోషించారు. భోజనానికి లేచాం. అన్నం కలుపుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల చదువు మాన్పించినవాణ్ణి, ఆమెకు డిగ్రీ ఇచ్చాను. మళ్లీ కలుపుకుని తిన్నాను.

మస్తానమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. పెళ్లయి ఉంటుంది. ఆ ఊరు నేనున్న చోటికి దూరం కాదు, బస్సుంది. పోలేదు. పోయి ఏం చెబుతాను అనుకుంటాను. ఏం చెప్పాలో తెలియకపోవడం వల్ల కాదు, తెలియడం వల్లనే పోవడం లేదు. రేపు పోతానని ఇక్కడ రాసి మిమ్మల్ని సంతోషపెట్టలేను. ఇలాంటి మాటలు నేనింతవరకు చాలా చెప్పాను. మీరు నన్ను క్షమించడానికి లేదు, మీకు నేనేమీ చేయలేదు.

మస్తానమ్మ అబద్ధం చెప్పలేదు. సాకులు చెప్పలేదు. ఆమెకు చదువు మీద ధ్యాస ఉండేది. చెడగొట్టింది నేను.

రాశాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.