గెయిన్ తొమ్మిది

ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సులో గిటార్ పట్టుకుని భయంభయంగా కూర్చున్నాను. సాయంత్రం చర్చి కూటంలో గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ పెట్టె మళ్లీ కీచుమంటే ఇక వాయించొద్దని పాస్టరుగారు చెప్పేశారు. ఆంప్ నాబ్‌ల అంకెలు రాసుకున్న నా కాగితాన్ని, తీగలు నొక్కి నొక్కి వేళ్ల కొసలు కాయలు కాసిన పక్కసీటు పెద్దాయన చదివాడు.

"గెయిన్ తొమ్మిదా? శబ్దాన్ని అంత బలంగా తోస్తే ఎట్టా? ఏందబ్బా, పాట వాయిస్తావా, కోడిని కోస్తావా? నాలుక్కి దించు. కీచుమనే ట్రెబుల్ తగ్గించి, నడిమి గొంతు మిడ్ పెంచు. గిటార్ మీద టోన్ సగానికి తిప్పు."

"స్వరం మధ్యలోనే చచ్చిపోతుందేమో, అన్నా?"

"ఆ భయానికే పెంచినావు. వేలితో నిలబెట్టుకో."

దుత్తలూరులో ఆయన దిగిపోయాడు.

సాయంత్రం కూటంలో గెయిన్ నాలుగే పెట్టాను. మొదటి స్వరం మెత్తగా సాగింది. భయానికి తీగ మీద నా వేలు వణికింది, దాంతో స్వరమూ వణుకుతూ, చచ్చిపోకుండా నిలబడింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని విన్నారు.