ముందు బిళ్ళ, తర్వాతే సూది

మా పక్కింటి సూదులమ్మ గారు పోయారు. గుండెపోటని విజయవాడ తీసుకెళ్ళారు, అక్కడే ప్రాణం పోయింది. కబురు తెలిసి, తెరుస్తున్న కొట్టుకు మళ్ళీ తాళం వేసి పరుగెత్తాను. గుమ్మంలోనే వినపడిన మాట: "ఊరందరికీ సూదులేసింది, తన గుండెకి వేసుకోలేకపోయింది పాపం." ఆ పాపం అన్న పెద్దమనిషి, ఒకప్పుడు నడుం పట్టేసి ఇద్దరి భుజాల మీద వచ్చి, ఆవిడ బల్ల మీంచి లేచి తన కాళ్ళతో ఇంటికెళ్ళినవాడే. ఒళ్ళు మండిపోయింది. చావింట్లో నోరు చేసుకోకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

ఆవిడ నేర్చుకున్నది చైనా వైద్యం. డాక్టరమ్మా అంటే ఒప్పుకునేవారు కాదు, "సూదులు వేసేదాన్ని, అంతే" అనేవారు. మొదట్లో మా తిరువూరంతా నవ్వింది. చైనా ఫోనే నిలవదు, చైనా వైద్యం నిలుస్తుందా అన్నారు. ఆవిడ వాదించలేదు. పత్తి చేలల్లో నడుం వంగిపోయి వచ్చిన రైతులకు రైతు భాషలోనే చెప్పారు.

"చేలోకి నీళ్ళు రాకపోతే చేలో కూర్చుని ఏడుస్తావా? కాలవ వెంట నడిచి, అడ్డం ఎక్కడ పడిందో చూస్తావు కదా. ఒంట్లో కూడా శక్తి పారే దారులుంటాయన్నారు ఆ వైద్యులు."

నా తలనొప్పికి కాలి బొటనవేలి పక్కన సూది గుచ్చారు. "తల పైనుందండీ" అన్నాను వేళాకోళంగా. "తెలుసమ్మా, వాగుతూనే ఉందిగా" అన్నారు.

మూడు వేళ్ళతో రెండు చేతుల నాడి చూసేవారు. అంతకు ముందు నాలుక. రంగును బట్టి ఒంట్లో వేడి ఎక్కువైందో చలవ ఎక్కువైందో అంచనా కట్టేవారు. మనవాళ్ళు నోట్లో కిళ్ళీతో వచ్చి ఎర్రటి నాలుక చాపేవారు. "ఇది నీ నాలుక కాదు, కిళ్ళీకొట్టు వాడిది. పుక్కిలించి రా!" అని పంపు దగ్గరికి తరిమేవారు. మోకాళ్ళ నొప్పులకు ఎండిన మాచిపత్రి వెలిగించి, చర్మానికి తగలకుండా వేడి పట్టేవారు. వినాయకుడి పత్రితో మా కీళ్ళకి పూజా అని నవ్వుకునేవాళ్ళం, నొప్పి తగ్గి ఇంటికెళ్ళేవాళ్ళం.

అన్నిటికన్నా గట్టి నియమం ఒకటుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరిచ్చిన బిళ్ళలు వెంట తెచ్చుకుని, ఆవిడ ఎదురుగా మింగాలి. ఆ తర్వాతే సూది. "నొప్పి వరకే నా పని. బిళ్ళ మానితే నా గడప ఎక్కొద్దు" అనేవారు. ఛాతీ బరువంటూ ఒకామె వస్తే సూదిపెట్టె ముట్టుకోకుండా ఆటో పిలిచి, తనే పక్కన కూర్చుని ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అలాంటి మనిషి పెద్దకర్మ నాడు గుమ్మం ముందు ఏం కట్టారో తెలుసా? ఇంత పొడుగు ఫ్లెక్సీ. పైన ఆవిడ ఫొటో, కింద "మందులు లేకుండా బీపీ, షుగరు, గుండె జబ్బులు మాయం". ఆవిడ మేనల్లుడు ఆ గదిలోనే సూదుల దుకాణం తెరుస్తున్నాడట. నాడి ఎక్కడ చూడాలో తెలియని మొనగాడు!

"ఏంటిది?" అని నిలదీశాను.

"అత్తయ్య పేరు నిలబెడదామనండి."

"పేరు నిలబెడుతున్నావా, పాతిపెడుతున్నావా?"

"ఇలా రాయకపోతే ఎవరొస్తారండి?" అన్నాడు, సిగ్గు లేకుండా.

వెక్కిరించినవాళ్ళకూ వీడికీ తేడా ఏముంది? సూదితో గుండె జబ్బు పోతుందని ఆవిడ ఎన్నడూ అనలేదు; ఆ అనని మాటను వాళ్ళు ఆవిడ చావుకు అంటగట్టారు, వీడు ఆవిడ ఫొటోకు అంటగట్టాడు.

అప్పుడే గంపలగూడెం నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గర భుజానికి సూదులు వేయించుకున్నవాడు, బీపీ మనిషి. ఫ్లెక్సీ ముందు ఆగి, కూడబలుక్కుంటూ చదివాడు. మేనల్లుడు చిరునవ్వుతో ఎదురెళ్ళాడు. "ఇక ఆ బిళ్ళలతో పనిలేదు బాబాయ్, నేను చూసుకుంటాగా."

నేను నోరు తెరిచేలోపే రైతు అన్నాడు: "అమ్మగారు అట్టా చెప్పలేదే."

అతన్ని దాటుకుని పంపు దగ్గరికి వెళ్ళాడు. నోట్లోని కిళ్ళీ ఊసి, ఎరుపు పోయేదాకా పుక్కిలించాడు. లోపలికొచ్చి, చొక్కా జేబులోంచి బిళ్ళ తీసి, దండ వేసిన ఫొటో ఎదురుగా మింగాడు.

తర్వాత చేతులు కట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా, ఆవిడకు నాలుక చాపి నిలబడ్డాడు.